చాందినీచౌకులో రిక్షా

ఢిల్లీనగరమున ఎఱ్ఱకోట యెదుటనుండి ఫతేపురి మసీదువఱకు పోవు చాందినీచౌకు వీథిలో ఇటీవల జరిగినది మన పురపాలకులందఱును శ్రద్ధతో తెలిసికొనదగినది. షాజహాను కుమార్తె జహనారాబేగము వేయించిన యీ వీథి పొడవు మైలైనను లేదు. ఇందు సైకిలు రిక్షాలు తిరుగరాదనియు, నగరమందంతటను 99,000 కు మించి రిక్షాలకు లైసెన్సులీయరాదనియు 2006 లో ఢిల్లీ హైకోర్టువారు ఉత్తరువు చేసిరి. అవి రాకపోకలకు అడ్డమన్నదే నాటి వాదము. 2021 సెప్టెంబరులో, వీథిని పునర్నిర్మించి ప్రారంభించిననాడు, పగటివేళ మోటారుబండ్లు రాగూడదనియు రిక్షా రావచ్చుననియు నిర్ణయమైనది. వీథి యదియే, రిక్షాయు నదియే. పదునైదేండ్లలో అడ్డము కాస్తా ఆధారమైనది!

ఈ నడుమ రిక్షావాడు పడిన బాధ స్వల్పము కాదు. 1960 నాటి పురపాలక నిబంధనల ననుసరించి రిక్షా సొంతదారుడే దానిని త్రొక్కవలయును. ఒకనికి ఒకటియే లైసెన్సు. విధవలకును వికలాంగులకును మాత్రము కొంత మినహాయింపు. లైసెన్సులేని బండి చిక్కినచో పట్టుకొనిపోయి ముక్కలుచేసి తుక్కుక్రింద అమ్మివేయుచుండిరి. ధనికుడు నూఱు బండ్లు కొని పేదవాని చెమటను పిండుకొనకుండుటకై యీ నిబంధన పుట్టినదందురు. ఉద్దేశము మంచిదే. కాని ఢిల్లీలో రిక్షా త్రొక్కువారిలో పెక్కుమంది బీహారు, ఉత్తరప్రదేశముల పల్లెలనుండి సేద్యపు పనులు లేని నెలలలో వచ్చి, దినమునకింత అని బాడుగకు బండి తీసికొని, నాట్లకో కోతలకో తిరిగి యింటికి పోవువారు. వారు బండి కొనుటెట్లు? కొని, ఊరికి పోవునప్పుడు దాని నెచట పెట్టుట? సొంత యెడ్లు లేనివాడు అరక పట్టరాదని శాసించినచో మన పల్లెలలో వ్యవసాయమేమగునో మా పాఠకులెఱుగుదురు.

పంజాబులో 1975 లో ఇట్టి చట్టమే వచ్చినది. 1980 లో సుప్రీముకోర్టున కృష్ణయ్యరుగారు దానిని కొట్టివేయుటకు మాఱుగా, రిక్షావారికి బ్యాంకు అప్పిచ్చి సొంతదారులను జేయు పథకమును నిర్ణయించిరి. సొంతదారుడవు గమ్మని చెప్పిన ప్రభుత్వము అందుకు దారియు చూపవలెనుగదా! ఢిల్లీలో ఆ దారి చూపక తుక్కుచేయుటయే సాగినది. తుదకు మానుషి సంస్థవారి పిటీషనుపై 2010 ఫిబ్రవరిలో హైకోర్టు విశేషధర్మాసనము సంఖ్యాపరిమితిని, సొంతదారు నిబంధనను, బండ్లను తుక్కుచేయు అధికారమును త్రోసివైచినది. పురపాలకసంఘమువారి అప్పీలు 2012 లో సుప్రీముకోర్టున వీగిపోయినది.

రిక్షాలకు కట్టుబాటే వలదని మేమనుట లేదు. బ్రేకును దీపమును సరిగా నుండవలయును. బాడుగరేటు బోర్డుపై వ్రాసియుండవలయును. ఇరుకుసందున బండికి బండి అడ్డముగ నిలుపువానిని మందలింపవలసినదే. కాని బండ్లను లెక్కపెట్టుట వేఱు, బాటను పంచుట వేఱు. ఒక్క మనుష్యుని దించి దినమెల్ల వీథిప్రక్కన నిద్రించు సొంతకారుకు సంఖ్యాపరిమితి ఆ నగరమున ఎవరును విధింపలేదు. దినమంతయు ప్రయాణికులను చేరవేయు రిక్షాకే లెక్క వచ్చినది. బాడుగకై వేచియున్నంతసేపు రిక్షా ఎచటనో ఒకచోట నిలువవలెను. ఆ చోటు చూపనిచో అది నిలిచిన ప్రతిచోటును నేరస్థలమే యగును. కావున ఏ పట్టణమందైనను ముందుగా అంగళ్లచెంతను, రైలుస్టేషనుచెంతను సున్నముతో గీచి రిక్షాస్టాండులు ఏర్పఱచవలయుననియు, అంతవఱకు నిలిచినందుకు జుల్మానా వేయు అధికారము పోలీసువారికుండరాదనియు మేము కోరుచున్నాము.