అడుగున ఏముందో అడిగేదెవరు?

విశాఖ పెదజాలరిపేట ఒడ్డున ఒక పెద్దాయన వల దులుపుతున్నాడు. చేపలు గుప్పెడు, బురద గంపెడు. వల కళ్లకి పట్టేసిన నల్లటి జిగట బురదని వేళ్లతో గీరి నా అరచేతిలో పెట్టాడు. "ఇది సముద్రం బురద కాదు బాబూ, రేవు బురద. వాసన సూడండి" అన్నాడు. చూశాను. ఇంజను ఆయిలూ మురుగూ కలిసిన వాసన. రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నా సాయంత్రం దాకా గోళ్ల సందుల్లోంచి పోలేదు.

ఆ పెద్దాయన మాట నిజమో కాదో నాకు తెలీదు. ఔననో కాదనో లెక్క చూపించి చెప్పగలిగినవాళ్లు ఇంత పెద్ద రేవు పట్టణంలో ఒక్కరైనా దొరకాలి కదా? దొరకలేదు. నా కడుపుమంటంతా అదే.

1933లో తొలి ఓడ వచ్చిన నాటి నుంచి విశాఖ రేవుకి పూడికతో పోరు తప్పలేదు. కొండల మీంచి మేహాద్రిగెడ్డ మట్టి మోసుకొస్తుంది, ఊరి కాలువలు మురుగు మోసుకొస్తాయి. అదంతా లోపలి రేవులో అడుక్కి దిగుతుంది. బయట సముద్రం ఇసుక తెచ్చి పోస్తుంది. తవ్వకపోతే ఓడ రాదు. ఓడ రాకపోతే ఉక్కు కర్మాగారాలకి కోకింగ్ బొగ్గు రాదు, రేవుని నమ్ముకున్న కలాసీ ఇంట్లో పొయ్యి వెలగదు. కాబట్టి తవ్వొద్దని నేననడం లేదు. తవ్వి తీసింది ఎక్కడ పోస్తున్నారు, పోసిన చోట ఏమవుతోంది అనే అడుగుతున్నాను.

డ్రెడ్జర్ పని చూశారా? లావాటి గొట్టం అడుక్కి దించి బురదా నీళ్లూ కలిపి పీల్చుకుంటుంది. కడుపు నిండాక సముద్రంలోకి వెళ్తుంది. గుర్తు పెట్టిన చోట ఆగి, కింద తలుపులు తెరుస్తుంది. నిమిషాల్లో ఖాళీ. నీటి మీద మట్టిరంగు మరక ఒకటి పరుచుకుని, కాసేపటికి చెదిరిపోతుంది. నౌక వెనక్కి తిరుగుతుంది. ఒడ్డున ఉన్నవాళ్లకి కథ అక్కడితో అయిపోయింది. అడుగున బతికేవాటికి అప్పుడే మొదలయింది.

ఇసుక సంగతి అందరికీ తెలుసు. మన తీరంలో ఇసుక ఏడాది మీద ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. ఔటర్ హార్బర్ గోడలు దానికి అడ్డుపడతాయి. ఆర్కే బీచ్ కోసుకుపోతుంది. అందుకని రేవు దగ్గర తవ్విన ఇసుకని పైపుల్లో తెచ్చి బీచ్‌లో పోస్తారు. ఆ ఇసుకకి ఫొటోలున్నాయి, పేపర్లో వార్తలున్నాయి. బీచ్‌కి పనికిరాని బురద నడిసముద్రం పాలైతే దానికి ఫొటో లేదు, వార్త లేదు.

ఆ బురదలో ఏముంటుందో ఊహించడానికి శాస్త్రవేత్తే కానక్కర్లేదు. లోపలి రేవు చుట్టూ 1957 నుంచి చమురు శుద్ధి కర్మాగారం, 1967 నుంచి ఎరువుల ఫ్యాక్టరీ, 1970ల చివర్నుంచి కొన్నేళ్ల కిందటి దాకా జింకు కర్మాగారం. వీటికి తోడు ఓడలు కట్టే యార్డు, ఊరంతటి మురుగు. లోపలి రేవు బురదలో సీసం, జింకు, కాడ్మియం పేరుకున్నాయని పరిశోధకులు దశాబ్దాలుగా రాస్తూనే ఉన్నారు. ఈ లోహాలు కరిగిపోయే సరుకు కాదు. సన్నటి బురద రేణువుల్ని అంటిపెట్టుకుని ఉంటాయి. ఆ బురదని పురుగు తింటుంది, పురుగుని రొయ్య తింటుంది, రొయ్యని చేప తింటుంది. ఆ చేపని ఆదివారం పూట మన పిల్లల కంచంలో మనమే వడ్డిస్తాం.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరిని ఊపేసింది. కూలిన చెట్లు లెక్కపెట్టాం, విరిగిన స్తంభాలు లెక్కపెట్టాం. సముద్రం అడుగున పోసిన బురద ఆ రోజు ఎటు కొట్టుకుపోయిందో మనలో ఎవరైనా అడిగామా?

ఇది చేతకాని పనీ కాదు. అమెరికా ఈశాన్య తీరంలో తవ్విన మట్టి పోసే చోట్లని 1977 నుంచి కనిపెట్టి చూస్తున్నారు. బురదలోకి కెమెరా దించి, పొరపొరా ఫొటో తీసి, పురుగులు తిరిగొచ్చాయా లేదా అని చూస్తారు. పోయని చోటు ఒకటి ఎంచుకుని దానితో పోల్చుతారు. 1979లో లాంగ్ ఐలాండ్ సౌండ్‌లో మురికి మట్టి మీద మంచి మట్టి దుప్పటిలా కప్పి, ఆ దుప్పటి నిలిచిందో లేదో ఏళ్ల తర్వాత కూడా వెళ్లి చూసుకున్నారు. ఒకసారి చూసి చేతులు దులుపుకుంటే అది కాపలా కాదు. అదే చోటికి, అదే కాలంలో, అదే పరీక్షతో ఏళ్ల తరబడి వెళ్లాలి.

మనకేం తక్కువ? డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ప్రధాన కార్యాలయం విశాఖలోనే. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకి ఇక్కడ కేంద్రం ఉంది, కేంద్ర సముద్ర చేపల పరిశోధన సంస్థకీ ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1950ల్లోనే ఈ తీరంలో ఇసుక రాకపోకల్ని కొలిచింది. ఇంతమంది చదువుకున్నవాళ్లని, ఇన్ని పడవల్ని, ఇన్ని ప్రయోగశాలల్ని పెట్టుకుని గుప్పెడు బురద గురించి జాలరికి జవాబు చెప్పలేకపోవడం సిగ్గుచేటు కాదూ?

పైగా నిబంధన చూడండి. పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్‌కి 2009లో చేసిన సవరణ ప్రకారం, మొదటి అనుమతిలోనే చేరి ఉంటే ఏటేటా తీసే పూడికకి మళ్లీ అనుమతి అక్కర్లేదు. అనుమతి ఒక్కసారి, పోయడం ఏళ్ల తరబడి! ఆరు నెలలకోసారి నివేదిక పంపాలన్న షరతు ఉంది. ఆ కాగితాలు చూద్దామని ఒక ఆఫీసుకి వెళ్లాను. "అది టెక్నికల్ మేటర్ సార్, మీకెందుకు?" అన్నారు. మళ్లీ వెళ్తే పై అంతస్తుకి పంపారు. పై అంతస్తువాళ్లు కిందికి పంపారు. మూడోసారి వెళ్లేసరికి ఆ సీటులో మనిషే మారిపోయాడు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్న ఆ మొహాలు తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేప గుడ్లు పెట్టే కాలమని వేట నిషేధం. మర బోట్లన్నీ రేవులో కట్టేస్తారు. జాలరి అప్పు చేసి ఇల్లు గడుపుకుంటూ ఆ నియమానికి తలొంచుతాడు. సముద్రం బాగుండాలని అతను పస్తుంటాడు. ఆ నిషేధం డ్రెడ్జర్‌కి వర్తించదు. గుడ్డు మీద వల పడితే నేరం, బురద పడితే అభివృద్ధి!

అయ్యా, పెద్దలారా, మీ భవనాలు అడగడం లేదు, మీ నిధులు అడగడం లేదు. జూన్ 15 తెల్లవారుజామున బోట్లు వేటకి కదిలేలోగా చేపలరేవు గోడకి తెలుగులో ఒక్క కాగితం అంటించండి. ఎక్కడ పోశారు, ఎంత పోశారు, అందులో ఏముంది, కిందటేడు పోసిన చోట ఇప్పుడు ఏం బతికుంది. ప్రతి ఏడూ అంటించండి.