పెద్దమ్మ పెరట్లో నాలుగు మొక్కలు

పోయిన ఆగస్టులో మా పెద్దమ్మ వీడియో కాల్ చేసి పెరడు చూపించింది. ఆవిడ కెనడాలో, టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో, అన్నయ్య దగ్గర ఉంటుంది. బెండ, సొర పాదు, కుండీలో కరివేపాకు... ఒక్కొక్కటీ చూపిస్తూ పోతుంటే వెనక కంచె దగ్గర ఏపుగా నాలుగు మొక్కలు కనబడ్డాయి.

"గోంగూర భలే పెరిగింది పెద్దమ్మా!" అన్నాను.

"గోంగూర ఇటు పక్కది నాన్నా. అది గంజాయి" అంది, తోటకూర అన్నంత మామూలుగా.

పక్కనే కూర్చున్న మా అమ్మ ఫోన్ లాక్కుని కాల్ కట్ చేసింది. ఈ మాట నాన్నకి గానీ, తెనాలిలో ఎవరికి గానీ చెప్పావంటే చూడు అని నాకు వార్నింగ్ ఇచ్చింది. (అమ్మా, సారీ. పేర్లేం రాయలేదుగా.)

నేను పొరబడటంలో నా తప్పు పెద్దగా లేదు. గోంగూరలో ఒక రకానికి శాస్త్రీయ నామం హైబిస్కస్ కన్నాబినస్. ఆకు గంజాయి ఆకులా ఉంటుందనే ఆ పేరు పెట్టారు.

ఈ కథ హాస్టల్లో చెబితే రూమ్ రెండుగా చీలిపోయింది. సగం మంది "కెనడా పోదాం పదరా" అన్నారు. మిగతా సగం "మీ పెద్దమ్మేంట్రా ఇలా తయారైంది" అన్నారు. అసలు ప్రశ్న మాత్రం ఒక్కడూ అడగలేదు. గంజాయి అక్కడ షాపుల్లో బహిరంగంగా అమ్ముతారు. 66 ఏళ్ళ మనిషి, మోకాళ్ళు పట్టేసినా వంగి మట్టి తవ్వి, మరి ఎందుకు పెంచుకుంటోంది?

జవాబు ఒక్క మాటే: ధర.

పెద్దమ్మకి మూడేళ్ళ క్రితం క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్, కీమో అన్నీ అయ్యాయి. హాస్పిటల్లో పైసా అడగలేదు, అది ఆ దేశం గొప్పతనం. కానీ కీమో తర్వాత అరికాళ్ళలో మంటలు, సూదులు గుచ్చినట్టు నొప్పి మిగిలిపోయాయి. నరాల నొప్పికి ఇచ్చిన మాత్రలు వేసుకుంటే రోజంతా మత్తు. చివరికి డాక్టరే గంజాయి వాడి చూడమని కాగితం రాసిచ్చారు. ఇది అందరికీ పని చేస్తుందని నేను అనట్లేదు. పెద్దమ్మకి మాత్రం రాత్రి నిద్ర పట్టింది.

ఇక లెక్క చూడండి. ఆ రాష్ట్రం ఒంటారియోలో 65 దాటినవాళ్ళకి డాక్టర్ రాసిన మందుల్లో చాలావాటి ఖర్చు ప్రభుత్వమే భరిస్తుంది. గంజాయికి మాత్రం కాదు. మామూలు మందుల చీటీ మీద అమ్మకపు పన్ను ఉండదు. దీని మీద 13 శాతం ఉంటుంది. అంతకుముందే ఎక్సైజ్ సుంకం పడుతుంది: ఎండు పువ్వు మీద గ్రాముకి ఒక డాలర్, లేదా ఉత్పత్తిదారు ధరలో 10 శాతం, రెండిట్లో ఏది ఎక్కువైతే అది. అమ్మకపు పన్నేమో ఈ సుంకం కలిసిన ధర మీద వేస్తారు. అంటే పన్ను మీద పన్ను. సరదాకి కొనేవాడికీ, డాక్టర్ చీటీతో కొనే రోగికీ ఇందులో తేడా లేదు.

పెద్దమ్మ కొనేది గ్రాము 6 డాలర్లు. రోజుకి దాదాపు ఒక గ్రాము. నెలకి 180, పన్నుతో కలిపి 203 డాలర్లు. మన డబ్బుల్లో పన్నెండు వేల పైమాటే. ఆవిడకి సొంత ఆదాయం లేదు. అక్కడ వృద్ధాప్య పెన్షన్ రావాలంటే కనీసం పదేళ్ళు ఆ దేశంలో ఉండాలి, ఆవిడ వెళ్ళి ఆరేళ్ళే అయింది. కాబట్టి ప్రతి నెలా కొడుకుని అడగాలి. అన్నయ్య కాదనే మనిషి కాదు. కానీ ఇంటి లోన్ కడుతున్న కొడుకు దగ్గరికి వెళ్ళి, కోడలు వింటుండగా, "గంజాయికి రెండొందలు ఇవ్వరా" అని అడగడం ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి. ఆవిడ అడగలేక కొన్ని నెలలు సగం డోసుతో సరిపెట్టుకుంది. ఆ సంగతి అన్నయ్యకి చాలా ఆలస్యంగా తెలిసింది.

2018 అక్టోబర్ 17న కెనడా గంజాయిని చట్టబద్ధం చేసినప్పుడు ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోవచ్చని రాసుకున్నారు. మనిషికి నాలుగు కాదు, ఇంటికి. అన్నయ్య ఆ రూల్ చదివి విత్తనాలు తెచ్చాడు. విత్తనాలకి 50, మట్టికీ కుండీలకీ 70, మొత్తం 120 డాలర్లు. మే చివర్లో చలి తగ్గాక నాటారు. అక్టోబర్ తేమకి ఒక మొక్క పువ్వు బూజు పట్టి మొత్తం పోయింది. మిగిలిన మూడింటి నుంచి ఎండాక 170 గ్రాములు వచ్చింది. షాపులో కొంటే పన్నుతో దాదాపు 1150 డాలర్లు. ఇంట్లో గ్రాముకి 70 సెంట్లు పడింది.

మళ్ళీ ఒకసారి చూడండి. పెంచడానికి అయిన ఖర్చు గ్రాముకి 70 సెంట్లు. కొంటే కట్టాల్సిన ఎక్సైజ్ సుంకం ఒక్కటే గ్రాముకి కనీసం డాలర్.

పెద్దమ్మ చాకిరీకి నేను లెక్క కట్టలేదని మీరనొచ్చు. నిజమే. షాపు సరుకుకి ల్యాబ్ పరీక్షలుంటాయి, మందు ఎంత బలంగా ఉందో ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. పెరటి మొక్కకి ఆ లేబుల్ లేదు. ఒకరోజు పెద్దమ్మకి డోస్ ఎక్కువై సాయంత్రం దాకా మంచం దిగలేదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇంకో భయం. కొందరు వైద్య అవసరం పేరుతో ఎక్కువ మొక్కలకి అనుమతి తీసుకుని బయట అమ్ముకుంటున్నారన్న ఆరోపణలూ ఉన్నాయి. ఇవన్నీ కొట్టిపారేసే విషయాలు కావు.

అయినా నా అభిప్రాయం ఇది: ప్రభుత్వం ఒక వస్తువుని అమ్మడానికి ఒప్పుకుని, దాని మీద పన్ను తీసుకుంటున్నప్పుడు, అవసరమైనవాడు నాలుగు మొక్కలు పెంచుకోవడాన్ని నేరం చేయకూడదు. ధర మరీ పెరిగితే జనం పెరట్లోకి వెళ్ళగలరన్న భయం అమ్మేవాడికి ఉండాలి. కొనలేనివాడికి ఉన్న ఒకే ఒక్క చట్టబద్ధమైన దారి అది.

ఆ దారిని మూసేసిన చోట్లు ఉన్నాయి. క్యూబెక్‌లో గంజాయి అమ్మేది ప్రభుత్వ సంస్థే, సరదాకి ఇంట్లో పెంచడం మాత్రం నిషేధం. జనాన్ని అదుపులో ఉన్న షాపుల వైపు మళ్ళించడానికి, ఆరోగ్యం కోసం అని వాళ్ళ వాదన. 2023లో కెనడా సుప్రీంకోర్టు ఆ నిషేధం చెల్లుతుందని తీర్పిచ్చింది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రానిదీ అదే తీరు. సియాటిల్ చుట్టూ మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. అక్కడ షాపు గంజాయి మీద 37 శాతం ఎక్సైజ్ పన్ను. రోగులకి వేరే నిబంధనలున్నాయి గానీ, మామూలు మనిషి ఇంట్లో ఒక్క మొక్క పెంచినా నేరమే. ఆరోగ్యం కోసమే అయితే షాపులో అమ్మింది ఆరోగ్యాన్ని పాడు చేయదా? నాకు ఇందులో ఖజానా వాసనే ఎక్కువ వస్తోంది.

ఒంటారియోలోనూ ఈ నాలుగు మొక్కల హక్కు అందరిదీ కాదు. పెరడున్న ఇంటివాళ్ళది. బ్రాంప్టన్‌లో మన సీనియర్లు నలుగురైదుగురు కలిసి బేస్‌మెంట్ అద్దెకుంటారు. అద్దె ఒప్పందంలో వద్దని రాస్తే అంతే సంగతులు. ఇల్లు కొనలేని రోగే గ్రాముకి ఆరు డాలర్లు పెట్టాలి. అందుకే, మొక్కల కంటే ముందు మార్చాల్సింది పన్ను. డాక్టర్ కాగితం ఉన్న మనిషి దగ్గర ఎక్సైజూ, అమ్మకపు పన్నూ తీసుకోవడం మానేస్తే పెద్దమ్మ మట్టి తవ్వాల్సిన పనే ఉండేది కాదు.

ఇప్పుడు మీరందరూ అడగబోయే ప్రశ్న: "మరి ఇక్కడో?"

ఇక్కడ 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ఉంది. దాని ప్రకారం అనుమతి లేకుండా గంజాయి మొక్క పెంచితే పదేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. "ఒక్క కుండీయే కదా" అనే మినహాయింపు అందులో లేదు. హాస్టల్ టెర్రస్ మీద ప్రయోగాలు చేద్దామనుకునే మేధావులకి ఒక మనవి: మా పెద్దమ్మని ఉదాహరణగా చూపించకండి. ఆవిడకి నొప్పి ఉంది, డాక్టర్ కాగితం ఉంది, ఆ దేశపు చట్టం ఉంది. మీ దగ్గర ఈ మూడింట్లో ఏదీ లేదు. పైగా మన వయసులో ఎక్కువగా వాడితే మెదడు మీద పడే ప్రభావం చిన్నది కాదు.

మన దగ్గర కూడా ఈ చట్టం మీద చర్చ జరగాలి, తప్పకుండా. కానీ అది రోగి నొప్పి దగ్గర మొదలవ్వాలి. క్యాన్సర్ రోగులకి మార్ఫిన్ దొరకడం కష్టంగా ఉందని ఇదే చట్టాన్ని 2014లో సవరించారు. అంటే నొప్పి గురించి గట్టిగా అడిగితే ఇక్కడ కూడా చట్టం కదులుతుంది. హాస్టల్ పార్టీ గురించి అడిగితే కదలదు, కదలక్కర్లేదు కూడా.

వచ్చే సంక్రాంతికి పెద్దమ్మ తెనాలి వస్తోంది. ఆ మందు సరిహద్దు దాటించడానికి కెనడా చట్టమూ ఒప్పుకోదు, మన చట్టమూ ఒప్పుకోదు. "రెండు వారాలేగా, పాత మాత్రలతో ఓర్చుకుంటాలే" అంది. మొన్న మా అమ్మే ఫోన్ చేసి, "అక్కా, రాత్రి కాళ్ళు మండితే నన్ను లేపు, నేను పడతాను" అని చెప్పింది. ఆ నాలుగు మొక్కల గురించి మా ఇంట్లో మాట్లాడటం అప్పుడే మొదలైంది.