పిలుపు సరే... పీట ఎవరిది?

పిలవని పేరంటానికి వెళ్ళకూడదని మన పెద్దవాళ్ళు చెప్పారు. మరి ఇంకెవరో రాలేదని, ఆఖరి నిమిషంలో పిలిచిన పేరంటానికో? ఐదుగురు ముత్తయిదువలకి వాయనాలివ్వాల్సిన నోములో ఒకావిడ రాలేదనుకోండి, అప్పుడు మనకి పక్క వాటా ఆవిడ గుర్తొస్తుంది. "వదినగారూ, ఒక్కసారి ఇలా వచ్చి వెళ్ళరూ" అంటాం. ఆవిడ చేతిలో పని వదిలేసి, చీర మార్చుకుని వస్తుంది. వాయనం అందుకుంటుంది. లెక్క కోసం పిలిచామని మనకీ తెలుసు, ఆవిడకీ తెలుసు.

ఫుట్‌బాల్ గురించి రాస్తానంటూ ఈ నోముల గోలేమిటంటారా? సంబంధం ఉంది. 2025 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మన దేశం జట్టు ఇలాంటి పేరంటానికే వెళ్ళొచ్చింది. కాఫా నేషన్స్ కప్ అని, ఇరాన్, ఉజ్బెకిస్తాన్, తజికిస్తాన్ లాంటి మధ్య ఆసియా దేశాలు ఆడుకునే పోటీ అది. మనకందులో సభ్యత్వం లేదు. అతిథిగా రావాల్సిన మలేషియా రాకపోతే ఆ ఖాళీలోకి మనల్ని పిలిచారు. మనవాళ్ళు వెళ్ళారు. తజికిస్తాన్‌ని వాళ్ళ గడ్డ మీదే 2–1తో ఓడించారు. ఇరాన్ చేతిలో 0–3తో ఓడిపోయారు. ఆఫ్ఘనిస్తాన్‌తో ఒక్క గోలూ లేకుండా సమంగా ముగించారు. చివరికి మనలాగే అతిథిగా వచ్చిన ఒమన్ మీద పెనాల్టీల్లో గెలిచి మూడో స్థానం తెచ్చుకున్నారు. లెక్క కోసం పిలిచిన వాళ్ళు పతకంతో తిరిగొచ్చారన్నమాట!

ఈ అతిథుల ఆనవాయితీ అసలు దక్షిణ అమెరికాలో బాగా స్థిరపడింది. ఆ ఖండంలో ఫుట్‌బాల్ సంఘానికి సభ్యదేశాలు పదే. నాలుగేసి జట్లతో మూడు గ్రూపులు చేయాలంటే పన్నెండు కావాలి కదా! అందుకని 1993 నుంచి కోపా అమెరికా పోటీకి బయటివాళ్ళని పిలవడం మొదలెట్టారు. మెక్సికో అప్పటినుంచి 2015 దాకా జరిగిన తొమ్మిది పోటీలకీ వెళ్ళింది. మొదటిసారే ఫైనల్ దాకా వచ్చి అర్జెంటీనా చేతిలో ఓడింది. 2001లో మళ్ళీ ఫైనల్‌కి వచ్చి కొలంబియా చేతిలో ఓడింది. ఇంకో మూడుసార్లు మూడో స్థానంలో నిలిచింది. కప్పు మాత్రం ఒక్కసారీ చేతికందలేదు. మెక్సికో అనే కాదు, ఆ పోటీకి అతిథిగా వెళ్ళిన ఏ దేశమూ ఇంతవరకు కప్పు ఇంటికి తెచ్చుకోలేదు.

అన్నిటికన్నా నాకు నచ్చింది హోండురాస్ కథ. 2001లో కొలంబియాలో భద్రత లేదంటూ, పోటీ మొదలవడానికి ముందురోజు అర్జెంటీనా రానంది. అప్పటికప్పుడు హోండురాస్‌ని పిలిచారు. దొరికిన ఆటగాళ్ళని పోగేసుకుని, పోటీ మొదలైపోయాక వాళ్ళు దిగారు. మొదటి మ్యాచి ఓడారు. ఆ తర్వాత బొలీవియాని, ఉరుగ్వేని ఓడించారు. క్వార్టర్ ఫైనల్లో బ్రెజిల్‌నే 2–0తో ఇంటికి పంపించారు. మరుసటి ఏడాది ప్రపంచ కప్పు గెలుచుకున్న బ్రెజిల్‌ని సుమండీ! హోండురాస్ మూడో స్థానంతో ఇంటికెళ్ళింది.

ఇంత దూరం వెళ్ళక్కర్లేదు, మన ఇంటి కథా ఇలాంటిదే. ఉస్మానియాలో చదువుకుని, బడిపంతులుగా పనిచేసి, హైదరాబాదు సిటీ పోలీసు జట్టుని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీంగారి పేరు 2024లో వచ్చిన 'మైదాన్' సినిమాతో చాలామందికి తెలిసింది. ఆయన శిక్షణలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానంలో నిలిచింది. మన తార్నాకకి అట్టే దూరం లేని అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం కూడా ఆ జట్టులో ఉన్నాడు. అప్పుడు మొదటి రౌండులో మనతో ఆడాల్సిన హంగరీ తప్పుకుంది. దాంతో మనవాళ్ళు ఆడకుండానే ముందుకెళ్ళి, ఆస్ట్రేలియాని 4–2తో ఓడించారు. 1964 ఆసియా కప్పుకీ మన గ్రూపులో మిగతావాళ్ళు తప్పుకోబట్టే వెళ్ళాం, రెండో స్థానం తెచ్చుకున్నాం. ఆసియా కప్పులో మన పురుషుల జట్టుకి ఈనాటికీ అదే గొప్ప. ఇక 1950 ప్రపంచ కప్పుకి కూడా పోటీదారులు తప్పుకోవడంతో చోటు దొరికింది. అప్పుడు మాత్రం మనం వెళ్ళనే లేదు. కారణాలు పదిరకాలుగా చెబుతారు. ఏదైతేనేం, ప్రపంచ కప్పులో ఆడే అవకాశం మళ్ళీ రాలేదు.

కాబట్టి రానివాళ్ళ చోటులో కూర్చోవడం చిన్నతనమేమీ కాదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, వచ్చిన అవకాశం ఎలా వచ్చిందని చూసుకుంటూ కూర్చుంటే పోయేది మనకే. అయితే ఇందులో ఇంకో సంగతుంది. అది నాకు మా ఇంటి దగ్గరి గ్రౌండులో అర్థమైంది.

మా కింద వాటాలో ఉండే అమ్మాయి ఇంటర్ చదువుతోంది. ఫుట్‌బాల్ అంటే ప్రాణం. సాయంత్రం గ్రౌండుకెళ్ళి గట్టు మీద కూర్చుంటుంది. మగపిల్లల్లో ఎవరైనా రాకపోతే, "అక్కా, ఇయ్యాల ఒకడు తక్కువైండు, గోల్‌ల నిల్చుంటవా?" అని పిలుస్తారు. పరుగున వెళ్తుంది. బాగా ఆడుతుందని ఆ పిల్లలే ఒప్పుకుంటారు. కానీ అరగంటకి ఆ రానివాడు వచ్చాడంటే ఈ పిల్ల మళ్ళీ గట్టు మీదికే! వాళ్ళ బ్యాగులకి, సెల్‌ఫోన్లకి కాపలా. "నీకు బాధనిపించదా?" అని అడిగాను. "ఆడిస్తున్నారు కదాంటీ, అదే చాలు" అంది. ఆ మగపిల్లలు చెడ్డవాళ్ళని నేననను. పిలిచేదీ వాళ్ళే, మెచ్చుకునేదీ వాళ్ళే. కానీ ఆ 'అదే చాలు' నాకు నచ్చలేదు. అది అతిథి మాట. రేపు పిలుస్తారో లేదో తెలియనివాళ్ళు అనే మాట.

అతిథికి మర్యాద ఉంటుంది కానీ హక్కుండదు. కాఫాలో మూడో స్థానం తెచ్చుకున్న మన జట్టే, నెల తిరగ్గానే అక్టోబరు 14న గోవాలో సింగపూర్ చేతిలో 1–2తో ఓడి, 2027 ఆసియా కప్పు అవకాశం పోగొట్టుకుంది. అతిథిగా గెలిచిన పతకం అక్కడ అక్కరకు రాలేదు. ఆ చోటు పిలిస్తే వచ్చేది కాదు, ఆడి గెలుచుకోవాల్సింది.

అలా ఆడి గెలుచుకున్నది ఎవరో తెలుసా? మన అమ్మాయిలు! మహిళల ఆసియా పోటీల్లో మనవాళ్ళు వెనక కాలికట్‌లోనూ, 1983లో బ్యాంకాక్‌లోనూ రెండో స్థానంలో నిలిచారు. అప్పట్లో ఇప్పటిలా అర్హత పోటీల వడపోత లేదు. తర్వాత్తర్వాత వెనకబడిపోయారు. 2022లో పోటీ మన దేశంలోనే జరిగింది కాబట్టి ఆడకుండానే చోటు దొరికింది. ఇరాన్‌తో ఒక్క మ్యాచి ఆడారు. ఇంతలో జట్టులో కరోనా పాకి, రెండో మ్యాచికి పదముగ్గురు కూడా మిగలక పోటీ నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. ఇంట్లో పెళ్ళి, భోజనానికి మాత్రం మనం లేము!

ఆ పిల్లలే 2025లో థాయ్‌లాండ్‌లోని చియాంగ్‌మాయికి వెళ్ళారు. మంగోలియాని 13–0తో, తిమోర్‌ని 4–0తో, ఇరాక్‌ని 5–0తో ఓడించారు. జులై 5న థాయ్‌లాండ్‌ని వాళ్ళ ఊళ్ళోనే 2–1తో గెలిచి, 2026 ఆసియా కప్పుకి అర్హత తెచ్చుకున్నారు. అర్హత పోటీలు గెలిచి వెళ్ళడం మన అమ్మాయిలకిదే మొదటిసారి. ఆ జట్టులో నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య కూడా ఉంది. 2024–25కి దేశంలో ఉత్తమ క్రీడాకారిణి అవార్డు ఆమెదే. ఈ చోటు ఎవరూ రాకపోతే వచ్చింది కాదు, ఎవరైనా వస్తే లేవాల్సిందీ కాదు.

గ్రౌండులో అమ్మాయిలకి ఒక గంట కేటాయించమని నేను అన్నప్పుడు మా కాలనీలో ఒక పెద్దాయన నవ్వారు. "ఆడేది నలుగురు పిల్లలమ్మా, వాళ్ళకో గంటా?" అన్నారు. న్యాయంగా చూస్తే ఆయన లెక్కా కొట్టిపారేసేది కాదు. మగపిల్లలు ముప్పైమంది ఉన్నారు, ఉన్నది ఒకటే గ్రౌండు. కానీ నలుగురే ఎందుకున్నారు? వెళ్తే ఆడతామో గట్టు మీద కూర్చుంటామో తెలియని చోటికి ఏ తల్లి మాత్రం కూతుర్ని పంపిస్తుంది? గంట లేదు కాబట్టి పిల్లలు రారు, పిల్లలు రారు కాబట్టి గంట లేదు. ఈ ముడి ఎక్కడో ఒకచోట విప్పాలి కదా!

నేను తార్నాకకి కాపురానికొచ్చిన కొత్తలో, తెల్లవారుజామున యూనివర్సిటీ రోడ్ల మీద నడిచే ఆడవాళ్ళు నాకు పెద్దగా కనిపించేవారు కాదు. ఒకరిద్దరం బయల్దేరితే వింతగా చూసేవాళ్ళు. ఇవాళ చీరల్లో, డ్రెస్సుల్లో, బూట్లేసుకుని ఆర్ట్స్ కాలేజీ దాకా గుంపులు గుంపులుగా నడుస్తున్నారు. వీళ్ళనెవరూ పిలవలేదు. రోజూ వస్తున్నారు కాబట్టి ఆ దారి వాళ్ళదయింది.

ఆటస్థలమూ అంతే. మీ కాలనీ సంఘం మీటింగుకి ఈసారి మీవారిని ఒక్కరినే పంపకండి, మీరూ వెళ్ళండి. మొత్తం గ్రౌండు అడగక్కర్లేదు. వారానికి మూడు రోజులు, సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా అమ్మాయిలకి అని బోర్డు మీద రాయించండి చాలు. మొదటి నెల నలుగురే వస్తారు. రానివ్వండి. ఆ గంట మాత్రం ఎవరొచ్చినా వాళ్ళు గ్రౌండు దిగక్కర్లేదు.