తప్పు బానెట్‌లో లేదు

పాత ట్రక్కులను మళ్లీ కొత్తగా నిలబెట్టేవాళ్లలో ఒక నమ్మకం పాతుకుపోయింది. ముందు బానెట్‌ను చక్కగా కూర్చోబెట్టాలట, మడ్‌గార్డులనూ గ్రిల్లునూ దానికి తగ్గట్టు లాగి బిగించాలట. మిగిలిన తేడాను పుట్టీ కప్పేస్తుందట. ఇది పూర్తిగా తలకిందుల పద్ధతి.

1947 నుంచి 1955 మొదట్లో దాకా తయారైన షెవ్రొలే 3100 పికప్‌నే తీసుకోండి. దాని బానెట్ కీళ్లు ఎక్కడున్నాయి? క్యాబిన్ ముందుగోడకు. మడ్‌గార్డు వెనక అంచు దేన్ని పట్టుకుంది? ఆ క్యాబిన్‌నే. ముందు కొసకు ఆధారం? ఛాసీ మీద నిలిచిన రేడియేటర్ సపోర్టు. క్యాబిన్ కింది రబ్బర్లు ఎండి కుంగిపోతే క్యాబిన్ ఒరుగుతుంది, దాంతోపాటే డోర్లూ, కీళ్లూ. ఒరిగిన గోడకు తగిలించిన రేకును కొలబద్ద చేసుకోవడం ఏం పద్ధతి? మీరే చెప్పండి.

డోరుకూ మడ్‌గార్డుకూ మధ్య సందు పైన వెడల్పుగా, కింద ఇరుకుగా ఉందనుకోండి. వెంటనే గ్రైండర్ అందుకుంటారు, అంచు కోస్తారు. నిజానికి కావలసింది రేడియేటర్ సపోర్టు కింద ఒక షిమ్ము, అంటే ఎత్తు సర్దే పలుచని రేకు ముక్క. ముందు భాగం కాస్త లేస్తే మడ్‌గార్డు పైఅంచు డోరు వైపు వాలుతుంది, కింది అంచు ముందుకు జరుగుతుంది. రేకు మీద గీత కూడా పడదు. అంచు కోసేశాక దాన్ని వెనక్కి తెచ్చేదెవరు?

బానెట్ ఒక పక్కకు పోతోందా? కీలు వంచకండి, టేపు తీయండి. కుడి కీలు నుంచి ఎడమ మడ్‌గార్డు ముందు మూలకు, ఎడమ కీలు నుంచి కుడి మూలకు కొలవండి. రెండు కొలతలూ కలవకపోతే ముందు భాగమంతా ఒక పక్కకు తిరిగి ఉందన్నమాట. దానికి బానెట్‌ను శిక్షించడం అన్యాయం.

ఇంకో వాదన కూడా వినిపిస్తుంది: "ఫ్యాక్టరీలోనే సందులు సమంగా లేవు." ఈనాటి కార్లంత సమంగా లేని మాట నిజమే. మరి బోల్టు కంటే పెద్ద రంధ్రాలు ఎందుకు పెట్టారు? షిమ్ములు ఎందుకు వేశారు? సర్దడానికే కదా! కట్టినవాళ్లు పడిన శ్రమను మన బద్ధకానికి సాకుగా చూపకూడదు.

కాబట్టి ఇంజనూ రేడియేటరూ ఎక్కించి, బండిని దాని టైర్ల మీదే నిలబెట్టండి. క్యాబిన్ రబ్బర్లు మార్చండి. డోరును క్యాబిన్‌కు, మడ్‌గార్డును డోరుకు సరిచేయండి. బానెట్ వంతు ఆ తర్వాతే. సందులన్నీ కుదిరేదాకా ఏ బోల్టునూ పూర్తిగా బిగించకండి. ఇదంతా రంగు వేయకముందే చేయండి.