కంకణమును కడపటి కోరికయు

ఆగిన గుండెను ఱొమ్ముపై నదిమి మరల నాడించు పద్ధతిని 1960లో అమెరికాయందలి జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు లోకమునకు వెల్లడించిరి. అకస్మాత్తుగ కూలినవారి ననేకుల నది బ్రదికించినది. కాని తీరనిరోగముచే కృశించిన వృద్ధునకు అది విఱిగిన ప్రక్కటెముకలును, యంత్రములనడుమ మఱి నాలుగుదినముల యాతనయు మాత్రమే కావచ్చును. కావుననే ‘పునరుజ్జీవన ప్రయత్నము వలదు’ అను వైద్యాజ్ఞ యేర్పడినది. మందును, అన్నమును, బాధానివారణమును మానుమని దాని యర్థము కాదు.

చేతికంకణము వేఱు. 1956లో కాలిఫోర్నియాలో నెలకొన్న మెడిక్‌అలర్ట్ సంస్థ వ్యాప్తిచేసిన కంకణము, మధుమేహమును, సరిపడని మందులను దెలిపి ప్రాణము గాచుటకు బుట్టినది. అమెరికాలో కొన్ని రాష్ట్రములు పై యాజ్ఞను దెలుపు కంకణమును సైతము అంగీకరించుచున్నవి. వైద్యుని యాజ్ఞాపత్రమే దానికి బలము.

మన సుప్రీంకోర్టు 2018 మార్చి 9న, కడపటి చికిత్సనుగూర్చి ముందుగా వ్రాసియుంచు పత్రమును అంగీకరించెను. 2023లో మేజిస్ట్రేటు సంతకమునకు బదులు నోటరీగాని గెజిటెడ్ అధికారిగాని ధ్రువపఱచిన చాలుననెను. వైద్యాజ్ఞనుగూర్చి భారత వైద్యపరిశోధనా మండలి 2020లో మార్గదర్శకములు వెలువరించెను.

చట్టము కలదు; ఇంట మాట లేదు. సెంటుభూమికి వీలునామా వ్రాయు మనము, తుదిశ్వాసను గూర్చి పలుకుట అశుభమందుము. ఆసుపత్రి గుమ్మమున బిడ్డలు ఊహించి చెప్పవలసి వచ్చుచున్నది. ఇల్లు కాలుచుండ బావి త్రవ్వుట యిదియే. అట్లని యీ యాజ్ఞ బీదవానికి వైద్యము నెగవేయు సాకు కారాదు. కోరిక రోగిదే కావలెను. పెద్దలు తెలివియుండగనే చెప్పుదురు గాక, వ్రాయుదురు గాక. పిల్లలు విందురు గాక.