బ్యాంకును కాపాడండి సరే, ముంచినవాళ్లని ఎందుకు కాపాడాలి?

పోస్ట్ కాస్త పెద్దదే అయింది. మెస్ లైన్‌లో నిలబడి చదివినా పర్లేదు, చివరిదాకా చదవండి. మన గ్రూపులో సగం మంది ఐబీపీఎస్‌కి ప్రిపేర్ అవుతున్నారు కాబట్టి ఇది మీకు సంబంధించిన విషయమే.

పోయిన వారం మా కాలేజీలో ఎకనామిక్స్ సెమినార్ జరిగింది. టాపిక్ 2008 ఆర్థిక సంక్షోభం. ఒకబ్బాయి చాలా బాగా మాట్లాడాడు. పెద్ద బ్యాంకులు పడిపోతే దేశమే పడిపోతుంది, అందుకే అమెరికా ప్రభుత్వం ప్రజల డబ్బు పెట్టి వాటిని నిలబెట్టింది, వేరే దారి లేదు అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి, "మరి ముంచినవాళ్లని ఎవరైనా అడిగారా?" అన్నాను. సార్ నవ్వి, "అది ఎమోషన్ అమ్మా, ఎకనామిక్స్ కాదు" అన్నారు. కూర్చుండిపోయాను. అప్పటికప్పుడు నాకు జవాబు తోచలేదు, అందులోనూ ఇంగ్లీషులో అసలు తోచదు. ఆ రాత్రి నుంచి లైబ్రరీలో, ఫోన్‌లో వెతికి చదివింది ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా అమ్మ సంగతి చెప్పాలి. ఆ ప్రశ్న అక్కడి నుంచే వచ్చింది.

మా ఊళ్లో అమ్మ డ్వాక్రా సంఘంలో పన్నెండు మంది ఉన్నారు. మూడేళ్ల క్రితం లింకేజీ లోను తీసుకున్నారు. ఎనిమిది నెలలు అందరూ సరిగ్గా కట్టారు. తర్వాత ఒక పిన్ని వాళ్లాయనకి జబ్బు చేసి, పట్నం ఆసుపత్రుల చుట్టూ తిరిగి తిరిగి ఆయన పోయాడు. ఆమె వాటా 14,300 రూపాయలు ఆగిపోయాయి. బ్యాంకువాళ్లు సంఘం పొదుపు మొత్తం ఆపేశారు. ఒకరు కట్టకపోతే అందరూ కట్టాల్సిందే, సంతకం పెట్టారుగా అన్నారు. సంతకం కాదు, వేలిముద్ర. మిగతా పదకొండు మంది తలా 1,300 వేసుకుని కట్టారు. మా అమ్మ విత్తనానికి ఉంచిన రాజ్మా సంతకి తీసుకెళ్లి అమ్మేసింది. ఆ ఏడు మా పొలంలో సగం రాజ్మా వేయలేదు.

బ్యాంకు రూలు తప్పని నేను అనడం లేదు. అప్పు తీసుకుంటే కట్టాలి, జమానతు ఉంటే జవాబు చెప్పాలి. నా గొడవంతా ఆ రూలు పైదాకా ఎందుకు వెళ్లదు అనే.

2008లో జరిగింది చిన్నగా చెప్తాను. అమెరికాలో బ్యాంకులు, తాకట్టు కంపెనీలు తీర్చలేనివాళ్లకి కూడా ఇళ్ల అప్పులు ఇచ్చాయి, ఎందుకంటే ఆ అప్పు కాగితాల్ని మూటలు కట్టి వేరేవాళ్లకి అమ్మేయొచ్చు. అమ్మేశాక అప్పు తీరినా తీరకపోయినా ఇచ్చినవాడికి బాధ లేదు, కమీషన్ ముందే వచ్చేసింది. ఇళ్ల ధరలు పడగానే మూటలన్నీ చెత్త అయ్యాయి. 2008 సెప్టెంబర్ 15న లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. అక్టోబర్ 3న 70,000 కోట్ల డాలర్ల సహాయ పథకానికి చట్టం చేశారు. ఏఐజీ అనే ఇన్సూరెన్స్ కంపెనీని నిలబెట్టడానికి అన్నీ కలిపి దాదాపు 18,200 కోట్ల డాలర్ల దాకా సాయం ప్రకటించారు. ఆ కంపెనీలో 'ఆ అప్పులు మునిగితే మేం కడతాం' అని హామీలు అమ్మి ముంచిన విభాగం ఒకటుంది. 2009 మార్చిలో ఆ విభాగం ఉద్యోగులకే 16.5 కోట్ల డాలర్ల బోనస్‌లు ఇచ్చారు. నేను ఈ లైను రెండుసార్లు చదివాను, తప్పు చదివానేమో అని.

మా ఊళ్లో అప్పు తిన్నది ఒకరు, జవాబుదారీ పన్నెండు మంది. అక్కడ లాభం తిన్నది పది మంది, జవాబుదారీ దేశం మొత్తం. అంటే గ్రూపు జమానతు అక్కడా ఉంది, కాకపోతే గ్రూపులో చేరమని జనాన్ని ఎవరూ అడగలేదు. వేలిముద్ర కూడా తీసుకోలేదు.

ఇక జైలు సంగతి. అంత పెద్ద సంక్షోభానికి వాల్ స్ట్రీట్ పెద్ద బ్యాంకుల నుంచి జైలుకి వెళ్లింది ఒక్కడే అని చెప్పుకుంటారు: క్రెడిట్ సూయిస్‌లో పనిచేసిన కరీమ్ సెరాగెల్డిన్, 2013లో 30 నెలల శిక్ష. అతనూ సీఈఓ కాదు. జరిమానాలు మాత్రం పెద్దవే పడ్డాయి. 2013లో జేపీ మోర్గాన్ ఒక్కటే 1,300 కోట్ల డాలర్లకి ఒప్పందం చేసుకుంది. కానీ జరిమానా కట్టేది బ్యాంకు ఖజానా, అంటే వాటాదారుల డబ్బు. సంతకాలు పెట్టినవాళ్ల జేబు కాదు. అదే ఏడాది అమెరికా అటార్నీ జనరల్ ఎరిక్ హోల్డర్ సెనేట్ ముందు, కొన్ని బ్యాంకులు ఎంత పెద్దవయ్యాయంటే వాటి మీద కేసు పెట్టడమే కష్టమవుతోంది అనే అర్థం వచ్చేలా ఒప్పుకున్నారు. అంటే చిన్న దొంగ అయితే పట్టుకోవచ్చు, పెద్ద దొంగ అయితే పట్టుకుంటే ఊరికి నష్టం అని.

అమెరికాకి ఇది చేతకాక కాదు. 1980లలో అక్కడి పొదుపు బ్యాంకులు వందల్లో మునిగినప్పుడు వెయ్యిమందికి పైగా అధికారులకి శిక్షలు పడ్డాయి. అదే దేశం, అవే కోర్టులు.

ఇప్పుడు ఐస్‌లాండ్ గురించి. ఇది నాకు బాగా నచ్చిన కథ, కొంచెం ఎక్కువ రాస్తాను, ఏమనుకోకండి.

2008లో ఐస్‌లాండ్ జనాభా దాదాపు 3.2 లక్షలు. మన ఏజెన్సీలో నాలుగైదు పెద్ద మండలాలు కలిపితే వచ్చేంత, అంతే. చేపలు పట్టుకునే దేశం. కొన్నేళ్లలోనే గ్లిట్నిర్, లాండ్స్‌బాంకి, కౌప్‌థింగ్ అనే మూడు బ్యాంకులు బయటి దేశాల్లో అప్పులు తెచ్చి, దేశ సంపాదనకి దాదాపు పది రెట్ల సైజుకి ఉబ్బిపోయాయి. 2008 అక్టోబర్‌లో ఒక్క వారంలో మూడూ కూలాయి. వాళ్ల కరెన్సీ క్రోనా విలువ సుమారు సగానికి పడిపోయింది. జనం గిన్నెలు, గరిటెలు తెచ్చి పార్లమెంటు ముందు వాయించారు. 2009 జనవరిలో ప్రభుత్వం దిగిపోయింది. (ధర్నాలో గిన్నెలు వాయించడం మనకి కొత్తేం కాదు. ప్రభుత్వం దిగిపోవడం కొత్త.)

బ్యాంకర్ల మీద విచారణకి స్పెషల్ ప్రాసిక్యూటర్ కావాలని ప్రకటన ఇస్తే, మొదటిసారి ఒక్కరూ అప్లై చేయలేదు. చిన్న దేశం కదా, అందరూ అందరికీ చుట్టాలో స్నేహితులో. రెండోసారి ప్రకటన ఇస్తే ఆక్రనెస్ అనే చేపల ఊరి పోలీసు అధికారి ఓలావుర్ హౌక్సన్ ముందుకొచ్చాడు. పెద్ద బ్యాంకు కేసులు ఎప్పుడూ చూసినవాడు కాదు. నలుగురైదుగురితో మొదలైన ఆ ఆఫీసు తర్వాత వంద మందికి పైగా పెరిగింది. ఇక్కడ ఆగి ఆలోచించాను నేను. లండన్‌లో చదివిన లాయర్లు కాదు, ఊరి పోలీసాయన మొదలుపెట్టాడు. మనలాంటి ఫస్ట్ జనరేషన్‌వాళ్లకి 'నీకేం తెలుసు' అనే మాట ఎన్నిసార్లు తగిలిందో మీకు తెలుసు.

ఆయన పట్టుకున్న కేసుల్లో ఒకటి చెప్తాను, వింటే మీకే అర్థమైపోతుంది. 2008 సెప్టెంబర్‌లో, కూలడానికి కొన్ని రోజుల ముందు, ఖతార్ రాజ కుటుంబీకుడు ఒకాయన మా బ్యాంకులో 5 శాతం వాటా కొన్నాడు అని కౌప్‌థింగ్ ప్రకటించింది. అబ్బో, అంత పెద్దాయన కొన్నాడంటే బ్యాంకు గట్టిదే అని జనం అనుకోవాలి కదా. ఆరా తీస్తే ఆ కొన్న డబ్బు బ్యాంకే అప్పుగా ఇచ్చింది. సంతలో షావుకారు తన మనిషికి తనే డబ్బిచ్చి, నా సరుకు అందరి ముందూ కొను, గిరాకీ ఉన్నట్టు కనపడాలి అన్నట్టు. 2015 ఫిబ్రవరిలో ఐస్‌లాండ్ సుప్రీంకోర్టు ఆ బ్యాంకు సీఈఓకి ఐదున్నరేళ్లు, చైర్మన్‌కి నాలుగేళ్లు ఖాయం చేసింది. మొత్తం మీద పాతిక మందికి పైగా శిక్షలు పడ్డాయి.

ఇంకోటి. 2010 ఏప్రిల్‌లో పార్లమెంటు వేసిన విచారణ కమిషన్ రెండు వేల పేజీలకు పైగా రిపోర్ట్ ఇచ్చింది. రాజధాని రేక్యావిక్‌లోని నాటకశాలలో నటులు ఆ రిపోర్ట్ మొత్తాన్ని రాత్రీ పగలూ రోజుల తరబడి పైకి చదివి వినిపించారు. ఎవరు ఎంత అప్పు ఎవరికి ఇచ్చారు అనేది ఊరందరికీ వినపడేలా.

ఐస్‌లాండ్‌ని దేవుణ్ణి చేయొద్దు. వాళ్లు పాత బ్యాంకుల్ని ఎత్తుకోకపోవడానికి మొదటి కారణం నీతి కాదు, అంత డబ్బు లేకపోవడం. పదిరెట్ల బరువు ఎవరు మోస్తారు? ఐఎంఎఫ్ దగ్గర 210 కోట్ల డాలర్ల అప్పు తీసుకున్నారు. సామాన్యుల ఇళ్ల అప్పులు ధరలతో పాటు పెరిగి చాలామంది నలిగిపోయారు. శిక్ష పడ్డ పెద్దలు వెళ్లింది కూడా కంచె లేని ఓపెన్ జైలుకి, 2016లో చట్టం మారి ఏడాదికే బయటికొచ్చారు. అప్పటి ప్రధాని గెయిర్ హార్దేని ప్రత్యేక కోర్టు ఒక అంశంలో దోషి అంది, శిక్ష మాత్రం వేయలేదు. ఇవన్నీ నిజాలే.

కానీ కేసులు పెట్టడం డబ్బు లేక చేసిన పని కాదు, కావాలని చేసిన పని. డిపాజిట్ల విషయంలో వాళ్లేం చేశారో చూడండి. దేశంలోని ఖాతాదారుల డబ్బుకి ప్రభుత్వం పూర్తి హామీ ఇచ్చింది. కొత్త బ్యాంకులు పెట్టి ఆ ఖాతాలు అటు మార్చింది. కౌంటర్ తెరిచే ఉంది, జీతాలు పడ్డాయి. పోయింది పాత యజమానుల వాటాలు, అప్పిచ్చిన విదేశీ బ్యాంకుల డబ్బు. లాండ్స్‌బాంకి బ్రిటన్‌లో, నెదర్లాండ్స్‌లో ఐస్‌సేవ్ పేరుతో తీసుకున్న డిపాజిట్ల బాకీని ఐస్‌లాండ్ ప్రజలే కట్టాలని ఆ రెండు ప్రభుత్వాలు పట్టుబడితే, 2010లో 93 శాతం, 2011లో దాదాపు 60 శాతం ఓటర్లు కుదరదు అన్నారు. 2013లో యూరప్ ఎఫ్టా కోర్టు కూడా ఐస్‌లాండ్ వైపే చెప్పింది. ఆ బాకీ చివరికి కూలిన బ్యాంకు ఆస్తులు అమ్మిన డబ్బుతోనే తీరింది.

సార్‌కి నేను చెప్పాల్సిన జవాబు ఇదే. బ్యాంకు వేరు, బ్యాంకరు వేరు. మన పెన్షన్, స్కాలర్‌షిప్, కాఫీ డబ్బులు పడే ఖాతాని కాపాడాలి, దాన్నెవరూ కాదనరు. కుర్చీలో కూర్చున్నవాడిని, వాటాలున్నవాడిని అదే గొడుగు కింద ఎందుకు దాచాలి? దాస్తే రేపు వచ్చేవాడు కూడా అదే చేస్తాడు, లాభమొస్తే నాది, మునిగితే ఎవరో చూసుకుంటారు అని. ఇది ఎమోషన్ ఎలా అవుతుంది సార్, లెక్కే కదా.

మా రూమ్‌మేట్ ఒకటి అడిగింది. అమెరికా బ్యాంకులకి ఇచ్చిన డబ్బు వడ్డీతో తిరిగొచ్చింది కదా, మరి నష్టమేంటి అని. నిజమే, బ్యాంకులకిచ్చిన భాగం లాభంతోనే తిరిగొచ్చింది. ఇళ్లు జప్తు అయిన లక్షల కుటుంబాలకి ఇళ్లు తిరిగి రాలేదు. మా సంఘం బాకీ కూడా పూర్తిగా తీరిపోయింది, బ్యాంకు పుస్తకంలో నష్టం సున్నా. వేయని రాజ్మా ఏ పుస్తకంలో రాస్తారు?

ఐర్లాండ్ చూడండి, ఉల్టా. 2008 సెప్టెంబర్ చివర్లో ఒక్క రాత్రిలో బ్యాంకులన్నిటికీ ప్రభుత్వం హామీ ఇచ్చేసింది. దాదాపు 6,400 కోట్ల యూరోలు ప్రజల మీద పడ్డాయి. మునిగిన ఆంగ్లో ఐరిష్ బ్యాంకు మాజీ సీఈఓకి జైలు శిక్ష పడేసరికి 2018 వచ్చింది.

మన దగ్గరికి వస్తే, 2017 అక్టోబర్‌లో ప్రభుత్వ బ్యాంకులకి 2.11 లక్షల కోట్ల మూలధనం ప్రకటించారు. అవి మన బ్యాంకులు, మన డిపాజిట్లు, నిలబెట్టాల్సిందే. పెద్ద లోన్లకి సంతకం పెట్టినవాళ్ల పేర్లు, కారణాలు నాటకశాలలో కాదు కదా, కనీసం తెలుగులో ఒక పుస్తకంగా అయినా ఎవరైనా చూశారా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010లో మైక్రోఫైనాన్స్ వసూళ్ల మీద ఆర్డినెన్స్ తెచ్చింది గ్రూపు జమానతు పేరుతో ఆడవాళ్లని ఎంత నలిపేశారో చూశాకే. అదే ఏడాది అలాంటి ఒక కంపెనీ షేర్ మార్కెట్లో 1,600 కోట్లకు పైగా తెచ్చుకుంది.

అన్నా, అక్కా, రేపు మీలో ఎవరో ఒకరు మా మండలం బ్రాంచిలోనే ఆఫీసర్‌గా రావచ్చు. మా పిన్నిలాంటి ఆమె వస్తే రూలు చెప్పండి, తప్పు లేదు. ఆవిడ చేత కుర్చీ వేసి కూర్చోబెట్టి చెప్పండి. పైనుంచి ఫోన్ వచ్చి పెద్ద లోనుకి సంతకం పెట్టమంటే కూడా అదే రూలు గుర్తుపెట్టుకోండి.

ఇదంతా అమ్మకి ఫోన్‌లో చెప్పాను. ఐస్‌లాండ్ పేరు ఆమెకి తిరగలేదు. అంతా విని, "అయితే ఆపేసిన మా పొదుపుకి ఆ ఆర్నెల్లు వడ్డీ వేశారా, లేదా? ఏటే, అది చూడు ముందు" అంది. నిజంగా నాకు తెలీదు. పాస్‌బుక్ ప్రింట్ వేయించి రెండేళ్లయింది. వచ్చే నెల సెలవులకి వెళ్లినప్పుడు స్టేట్‌మెంట్ తీసుకుని సంఘం మీటింగులో లైను లైను మా భాషలో చదివి వినిపిస్తాను. సంఘం లోను స్టేట్‌మెంట్ అడగడానికి ఎవరి సంతకాలు కావాలో తెలిసినవాళ్లు కింద కామెంట్లో చెప్పండి.

జోహార్.
హాస్టల్ నుంచి, మీ చెల్లి