చల్లబడితే కదిలే కారు

కార్బురేటరు ఉన్న పాత మారుతి 800 కార్లు నేటికీ కొన్ని కుటుంబాలకు ఆసరాగా ఉన్నాయి. వేసవిలో ఇంటిల్లిపాదీ నికాహ్ విందుకు బయలుదేరితే, ముప్పై నలభై కిలోమీటర్లు సాఫీగా నడిచిన బండి హఠాత్తుగా ఆగిపోతుంది. తాళం ఎంత తిప్పినా ఇంజను తిరుగుతుందే గాని అందుకోదు. అరగంట గడిస్తే ఏమీ ఎరుగనట్లు కదులుతుంది. మెకానిక్కు వద్దకు చేరేసరికి లోపం కనిపించదు. అతడు ఊహించి ఒక్కొక్క భాగమే మార్చుకుంటూ పోతాడు. ఇది వృథా వ్యయమని మా అభిప్రాయం. పరీక్ష బండి మొరాయిస్తున్నప్పుడే జరగాలి.

దీపం ఆర్పినట్లు ఒక్కసారిగా ఆగితే విద్యుత్తును, కుదుపులతో శక్తి సన్నగిల్లి ఆగితే పెట్రోలును అనుమానించవచ్చు. ఇది సూచన మాత్రమే. నిర్ధారణకు, ప్లగ్గు వైరుకు మరొక మంచి ప్లగ్గు తగిలించి, దాని లోహభాగం ఇంజనుకు ఆనేలా ఉంచి, వేరొకరిచేత స్టార్టరు తిప్పించాలి. ప్లగ్గును చేత్తో పట్టుకోరాదు. పెట్రోలు వాసన వస్తుంటే ఈ పరీక్ష జోలికే పోరాదు. నిప్పురవ్వ రాకపోతే మొదట చూడవలసినది ఇగ్నిషన్ కాయిల్. లోపలి తీగచుట్ట వేడికి పనిచేయడం మాని, చల్లబడగానే మళ్ళీ పనిచేయడం దాని పాత జబ్బు.

రవ్వ బలంగా ఉంటే ట్యాంకు మూత తెరవాలి. గాలి పీల్చుకున్న చప్పుడు వినబడి, ఆపై ఇంజను అందుకుంటే మూతలోని గాలిరంధ్రం మూసుకుపోయిందన్నమాట. కాకుంటే వేడికి పెట్రోలు గొట్టంలోనో పంపులోనో ఆవిరై అడ్డుపడి ఉండవచ్చు. పంపుపై తడిగుడ్డ వేస్తే తెలిసిపోతుంది.

ఇటువంటి బండిని తెల్లవారుజామున, ఇంజను చల్లగా ఉండగా చూపి అమ్మివేయడం సులభం. మహాప్రవక్త (స) ఒక ధాన్యపు రాశిలోనికి చేయి పెట్టగా లోపల తడి తగిలిన ఉదంతం సహీహ్ ముస్లింలో ఉంది. వానకు తడిసిందని అమ్మేవాడు చెప్పగా, జనులకు కనబడేలా దానిని పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. చల్లని ఇంజను ఆ రాశిపైనున్న పొడి ధాన్యం వంటిదే. వేడెక్కాక ఏమవుతుందో కొనేవారికి ముందే చెప్పాలి. ధర తగ్గుతుంది, తగ్గనివ్వాలి. కొనేవారు కూడా ఎండవేళ గంటసేపు నడిపి, ఆపి, పది నిమిషాలాగి మళ్ళీ తాళం తిప్పి చూసుకోవాలి.